పొగాకు ఫ్లేవర్ వేసినా పొగాకు రుచి ఎందుకు రాదు?

నెదర్లాండ్స్‌లో 2024 జనవరి 1 నుంచి వేప్ లిక్విడ్‌లలో, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్లలో వేడిచేసి ఆవిరిగా పీల్చే ద్రావణాల్లో, పొగాకు రుచి తప్ప ఇంకే రుచీ అమ్మకూడదు. ఫిన్లాండ్‌లో 2016 నుంచే ఈ కట్టడి ఉంది. డెన్మార్క్ పొగాకుతో పాటు మెంథాల్‌ను కూడా ఉండనిచ్చింది. కాలిఫోర్నియా దుకాణాల్లో 2022 డిసెంబరు నుంచి, కెనడాలోని క్యుబెక్‌లో 2023 అక్టోబరు చివరి నుంచి పళ్ల రుచులు, మిఠాయి రుచులు మాయమయ్యాయి. ఇంతకుముందు ఎవరూ పెద్దగా పట్టించుకోని పొగాకు ఫ్లేవర్ ఒక్కసారిగా అందరికీ అవసరమైంది. అక్కడ ఇళ్లలో సొంతంగా లిక్విడ్ కలుపుకునేవాళ్లు మాత్రం చాలా ఏళ్లుగా ఒకటే మొత్తుకుంటున్నారు: సీసా మీద 'టొబాకో' అని ఉంటుంది, పీలిస్తే మాత్రం సిగరెట్టు గుర్తుకు రాదు.

ఇది కంపెనీల చేతకానితనం కాదు. 'పొగాకు రుచి' అని మనం ఒక్క మాటలో అనేస్తున్నది నిజానికి మూడు వేర్వేరు సంగతులు. ఫ్లేవర్ సీసా వాటిలో ఒకదాన్ని బాగానే ఇస్తుంది, రెండోదాన్ని కాస్త అనుకరిస్తుంది, మూడోదాని జోలికే పోదు. ఎవరికి వాటిలో ఏది తక్కువైందో తెలిస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది.

ముందుగా చట్టం సంగతి. భారతదేశంలో 2019 నాటి ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం ఈ వస్తువుల తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, ప్రకటనలు అన్నింటినీ నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. సరుకు నిల్వ ఉంచినా నేరమే. విదేశాల నుంచి సూట్‌కేసులో వేసుకొచ్చేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. కాబట్టి ఈ వ్యాసంలో చెప్పే మిక్సింగ్ అంతా బ్రిటన్, అమెరికా, యూరప్ లాంటి చోట్ల జరిగేదే.

సీసాలో ఉండేవి

వేప్ లిక్విడ్‌లో నాలుగే పదార్థాలు ఉంటాయి. ప్రొపైలీన్ గ్లైకాల్, అంటే పీజీ. ఇది పల్చగా ఉంటుంది, రుచిని మోస్తుంది, గొంతులో కాస్త గుచ్చుతుంది. రెండోది వెజిటబుల్ గ్లిజరిన్, అంటే వీజీ. చిక్కగా, కొద్దిగా తియ్యగా ఉంటుంది, ఆవిరిని దట్టంగా చేస్తుంది. మూడోది నికోటిన్. అది లేకుండా కలుపుకునేవాళ్లూ ఉన్నారు. నాలుగోది ఫ్లేవర్ కాన్సంట్రేట్, సాధారణంగా పీజీలో కరిగించిన సువాసన రసాయనాల మిశ్రమం. వీటిని దూదిలో నానబెట్టి చిన్న లోహపు కాయిల్‌తో వేడి చేస్తారు. పీజీ 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గ్లిజరిన్ 290 దగ్గర మరుగుతాయి. రెండూ కలిసిన ద్రావణం ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో ఆవిరవుతుంది. వేడి విషయం ముందు ముందు పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

బ్యారన్‌లో పుట్టే వాసన

కోసిన పచ్చి పొగాకు ఆకును నలిపి చూస్తే మామూలు పసరు వాసనే వస్తుంది. పచ్చి కాఫీ గింజకూ వేయించిన గింజకూ ఎంత తేడా ఉంటుందో, పచ్చాకుకూ క్యూరింగ్ అయిన, అంటే పద్ధతి ప్రకారం ఆరబెట్టిన ఆకుకూ అంత తేడా.

జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి చుట్టుపక్కల, ప్రకాశం జిల్లాలో వర్జీనియా రకం పొగాకు పండించే ఊళ్లలో పెరిగినవాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. ఆకును కర్రలకు కట్టి బ్యారన్‌లో, అంటే వేడితో ఆకును ఆరబెట్టే గదిలో, వరసలుగా వేలాడదీస్తారు. మొదట 35 డిగ్రీల అటూ ఇటూ వేడిలో, గాలిలో తేమ ఉండగా ఆకు పసుపు తిరుగుతుంది. తర్వాత వేడి మెల్లగా పెంచుతూ చివరికి ఈనె ఎండేందుకు 70 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. అయిదారు రోజుల పని. ఆ పసుపు తిరిగే దశలోనే అసలు కథంతా నడుస్తుంది. పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. ఆకుపచ్చదనం పోయి, దాని చాటున ఉన్న కెరోటినాయిడ్లు బయటపడతాయి. అవి విరిగి డమాస్కెనోన్, అయోనోన్, మెగాస్టిగ్మట్రయినోన్ వంటి సుగంధ పదార్థాలు పుడతాయి. ఎండుగడ్డి, ఎండు ఫలాలు, తేనె కలిసినట్టుండే ఆ కమ్మటి వాసన వీటి పుణ్యమే. క్యూరింగ్ అయిన బ్యారన్ తలుపు తీస్తే ముందు ముక్కుకు తగిలేది అదే. పొగ వాసన అందులో ఉండదు, ఎందుకంటే మంట వేడి గొట్టాల గుండా పోతుందే తప్ప ఆకును తాకదు.

బర్లీ పొగాకుది వేరే దారి. దాన్ని నీడపట్టున, గాలికి ఆరబెడతారు. వారాల తరబడి నెమ్మదిగా ఎండే ఆ ఆకులో చక్కెర దాదాపు మిగలదు. వేయించిన పప్పు, కోకో ఛాయలుంటాయి. టర్కీ, గ్రీసు వైపు పండే ఓరియంటల్ ఆకును ఎండలో ఆరబెడతారు, అది అగరు పరిమళానికి దగ్గరగా ఉంటుంది. లటాకియాను కట్టెల పొగ మీద పెడతారు, అందుకే పొగచూరిన వాసన. గోదావరి లంకల్లో పండే చుట్ట పొగాకు వీటన్నిటికంటే మొరటుది, ఘాటుది.

అంటే ఆకు వాసన అనే మొదటి భాగమే ఇన్ని రకాలు. ఇందులో ముఖ్యమైన సుగంధ పదార్థాలు చాలావరకు ల్యాబ్‌లో తయారవుతాయి, సీసాలో దొరుకుతాయి. కాయిల్ వేడికి అవి పెద్దగా చెడిపోవు. మంచి పొగాకు ఫ్లేవర్ ఆవిరిలో ఎండుగడ్డి, తేనె, గింజల రుచి నిజంగానే తెలుస్తుంది. అప్పుడే తెరిచిన సిగరెట్ పెట్టె వాసన కావాలనుకునేవాళ్లకు ఇది చాలు.

పొగ అనేది వేరే సరుకు

చాలామంది వెతికేది పెట్టె వాసన కాదు, వెలిగించిన సిగరెట్టు. దమ్ము లాగినప్పుడు నిప్పు కొస దగ్గర వేడి సుమారు 900 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి ఆకులోని చక్కెరలు, ప్రొటీన్లు, కలప లాంటి లిగ్నిన్ అన్నీ విరిగిపోయి, మళ్లీ కలిసి, ఆకులో అసలు లేని పదార్థాలు పుట్టుకొస్తాయి. సిగరెట్ పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉన్నట్టు లెక్క. పిరిడీన్లు, పైరజీన్లు, గ్వయకాల్ వంటి ఫినాళ్లు కలిస్తే వచ్చేది మనకు తెలిసిన మాడు, చేదు, వగరు.

దూది తడిగా ఉన్నంతవరకు వేప్ కాయిల్ సాధారణంగా అందులో మూడో వంతు వేడికి అటూ ఇటూనే ఉంటుంది. పైగా అక్కడ కాలడానికి ఆకే లేదు. కాబట్టి పొగ రుచిని ముందే తయారుచేసి సీసాలో పోయాలి. ఫ్లేవర్ కంపెనీలు అసిటైల్ పైరజీన్ వేస్తాయి. అది పాప్‌కార్న్, వేయించిన గింజల వాసన ఇస్తుంది. గ్వయకాల్ లాంటివి కొద్దిగా వేస్తే పొగచూరిన ఛాయ వస్తుంది. కాస్త ఎక్కువైతే మాత్రం యాష్‌ట్రే నోట్లో పెట్టుకున్నట్టే. వేల రసాయనాల పని పది పదిహేనింటితో చేయించే ప్రయత్నం ఇది. సగం దూరం వెళ్తుంది, అక్కడే ఆగిపోతుంది. ఆగడమూ మంచిదే అనాలి: ఆ మిగతా సగంలోనే తారు, కార్బన్ మోనాక్సైడ్, క్యాన్సర్ కారకాలు ఉన్నాయి.

అమెరికా సిగరెట్టు రుచి, మన సిగరెట్టు రుచి

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

వేప్ ప్రపంచంలో బాగా పేరున్న పొగాకు ఫ్లేవర్ ఆర్‌వై4. 2003లో ఎలక్ట్రానిక్ సిగరెట్టును రూపొందించిన చైనా ఫార్మసిస్టు హోన్ లిక్ పనిచేసిన రుయాన్ కంపెనీ నాలుగో నంబరు మిశ్రమం నుంచి ఆ పేరు వచ్చింది. పొగాకు, క్యారమెల్, వెనీలా కలిపితే ఆర్‌వై4. అమెరికాలో ఫ్లేవర్ అప్రెంటిస్, ఇటలీలో ఫ్లేవర్‌ఆర్ట్, పోలండ్‌లో ఇనావెరా వంటి కంపెనీల పొగాకు ఫ్లేవర్లను ఇంట్లో కలుపుకునేవాళ్లు ఎక్కువగా వాడతారు. వీటిలో ఆర్‌వై4 తరహావి కొదవలేదు.

అమెరికన్లకు ఈ క్యారమెల్ పొగాకు పరాయిగా అనిపించకపోవడానికి కారణం ఉంది. 1913లో వచ్చిన క్యామెల్ సిగరెట్టు నుంచి అక్కడ వర్జీనియా, బర్లీ, ఓరియంటల్ కలిపిన 'అమెరికన్ బ్లెండ్' స్థిరపడింది. చక్కెర లేని బర్లీ ఆకు పైనుంచి పట్టించే రసాన్ని బాగా పీల్చుకుంటుంది కాబట్టి దానికి కోకో, అతిమధురం, చక్కెరలు పట్టిస్తారు. అంటే అమెరికన్ పొగరాయుడు 'అసలు పొగాకు రుచి' అనుకునేదాంట్లోనే చాక్లెట్, అతిమధురం కలిసి ఉన్నాయి.

బ్రిటన్, ఇండియా సిగరెట్లు మొదటి నుంచీ ప్రధానంగా వర్జీనియా ఆకుతోనే నడిచాయి. గుంటూరులో 1976లో పొగాకు బోర్డు ఏర్పడింది కూడా ఆ ఆకు కోసమే. ఇక్కడి సిగరెట్టుకు అలవాటుపడిన మనిషి డల్లాస్‌లో ఆర్‌వై4 పీలిస్తే 'ఇదేంటి, పాయసంలా ఉంది' అంటాడు. అతని నాలుకను తప్పుపట్టలేం. అతనికి దగ్గరగా వచ్చేది పొడిగా, గడ్డి వాసనతో ఉండే వర్జీనియా తరహా ఫ్లేవర్. చుట్టకు అలవాటుపడ్డవాళ్లకు సిగార్ తరహా ఫ్లేవర్లు కాస్త నయం.

ఘాటు ఎక్కడ నుంచి వస్తుంది?

ఇక మూడో భాగం, సీసా జోలికి పోనిది. 'ఏ ఫ్లేవర్ వేసినా తృప్తి లేదు' అనేవాళ్లలో చాలామందికి తక్కువైంది రుచి కాదు, నికోటిన్ అందే తీరు. గొంతులో ఆ పట్టు, ఆ చిన్న కారం నికోటిన్‌వే. ఒక సిగరెట్టు నుంచి ఒంట్లోకి చేరే నికోటిన్ సుమారు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. అది కొద్ది సెకన్లలో మెదడుకు చేరుతుంది. పాత తరహా వేప్ లిక్విడ్ అంత త్వరగా అందించలేదు.

బ్రిటన్‌లో ఉన్న ఒకతను రోజూ పెట్టె సిగరెట్లు తాగి మానేసి, దుకాణంలో షార్ట్‌ఫిల్ అనే లిక్విడ్ సీసా కొన్నాడనుకుందాం. అక్కడి నియమం ప్రకారం నికోటిన్ ఉన్న లిక్విడ్ సీసా 10 మిల్లీలీటర్లకు మించకూడదు, గాఢత మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అందుకే 60 మిల్లీలీటర్ల సీసాలో నికోటిన్ లేని లిక్విడ్ 50 పోసి అమ్ముతారు, 18 గాఢత ఉన్న 10 మిల్లీలీటర్ల నికోటిన్ షాట్ విడిగా ఇస్తారు. షాట్‌లో మొత్తం నికోటిన్ 180 మిల్లీగ్రాములు. 60 మిల్లీలీటర్లకు పంచితే మిల్లీలీటరుకు 3 వస్తుంది. పెద్ద పరికరంలో దట్టమైన ఆవిరి పీల్చేవాళ్లకు 3 సరిపోతుంది. సిగరెట్ సైజు చిన్న పరికరంలో ఆవిరే తక్కువ, కాబట్టి అదే 3 ఏ మూలకూ చాలదు. అతను ఫ్లేవర్ బాగాలేదనుకుని నాలుగు కంపెనీలవి మారుస్తాడు. లోపం ఫ్లేవర్‌లో లేదు.

గాఢత పెంచితే మరో సమస్య. మామూలు నికోటిన్ క్షార గుణం కలది. ఎక్కువైతే గొంతును గీరుతుంది. దీనికి బెంజోయిక్ యాసిడ్ లాంటి ఆమ్లం కలిపి లవణంగా మారిస్తే గీర తగ్గుతుంది. 2015లో వచ్చిన జూల్ అనే అమెరికా వేప్ 5 శాతం నికోటిన్‌ను జనం చేత పీల్పించగలిగింది ఈ కిటుకుతోనే. పొగాకు లోకంలో ఇది పాత సంగతే. వర్జీనియా పొగలో చక్కెరల వల్ల ఆమ్ల గుణం ఉంటుంది, అందుకే దాన్ని ఊపిరితిత్తుల్లోకి లాగగలరు. చుట్ట, సిగార్ పొగ క్షారంగా ఉంటుంది. లాగితే పొలమారుతుంది, నోట్లో ఉంచుకుంటేనే నికోటిన్ ఎక్కుతుంది. నికోటిన్ లవణం వర్జీనియా సిగరెట్టు దారిలో పోతే, పాత నికోటిన్ చుట్ట దారిలో పోతుంది.

అయితే ఈ సులువే ఆందోళనకూ కారణం. గొంతు అభ్యంతరం చెప్పకపోతే కొత్తగా మొదలుపెట్టిన పిల్లలు కూడా ఎంత పీలుస్తున్నారో తెలియకుండా పీల్చేస్తారు. ఇళ్లలో కలుపుకునేవాళ్లు కొన్ని దేశాల్లో 100 గాఢత ఉన్న నికోటిన్ కొంటారు. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది, చిన్నపిల్లల చేతికి చిక్కితే ప్రాణాంతకం.

ల్యాబ్ ఫ్లేవరా, ఆకు నుంచి తీసిన రసమా?

కృత్రిమ ఫ్లేవర్‌తో విసిగినవాళ్లు ఆకు రసం వైపు వెళ్తారు. నిజమైన పొగాకును పీజీలోనో ఆల్కహాల్‌లోనో రోజుల తరబడి నానబెట్టి, వడకట్టి తీసే రసం ఇది. వేపింగ్ చేసేవాళ్లు 'నెట్' అని పిలుస్తారు. ముదురు గోధుమ రంగులో ఉంటుంది. రుచిలో లోతుంటుందని దీని అభిమానులు ఒట్టేసి చెబుతారు, ఆ మాట నిజమే. పది పదిహేను పదార్థాల బదులు ఆకులో ఉన్న వందల పదార్థాలు వస్తాయి కదా.

దానితోపాటు అక్కర్లేనివీ వస్తాయి. ఆకు చక్కెరలు, మైనాలు కాయిల్ మీద నల్లగా పేరుకుంటాయి. వారం పైగా రావలసిన కాయిల్ రెండు మూడు రోజులకే మాడు రుచి ఇస్తుంది. అంతకంటే ముఖ్యం, క్యూరింగ్‌లో, నిల్వలో పొగాకు ఆకులో ఏర్పడే నైట్రోసమైన్లు. వీటిలో ఎన్‌ఎన్‌ఎన్, ఎన్‌ఎన్‌కే అనే రెండింటిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగా గుర్తించింది. రసంలో వీటి మోతాదు పొగాకులో ఉన్నదానికంటే చాలా తక్కువే, కానీ మామూలు లిక్విడ్‌లలో కంటే ఎక్కువ. 'సహజం' అనే లేబుల్ చూసి ఇది సురక్షితమనుకోవడం ఇక్కడ తలకిందులు లెక్క. రుచికీ శుభ్రతకూ మధ్య బేరం ఇది, ఎవరి బేరం వాళ్లది.

ఫ్లేవర్ పెంచితే పొగాకు పెరుగుతుందా?

కొత్తగా కలిపేవాళ్లందరూ చేసే లెక్క ఇది. 30 మిల్లీలీటర్ల సీసాలో పొగాకు ఫ్లేవర్ 3 శాతం, క్యారమెల్-వెనీలా 5 శాతం వేశారనుకుందాం. అంటే 0.9 మిల్లీలీటర్లు, 1.5 మిల్లీలీటర్లు. పొగాకు తెలియడం లేదని రెండూ రెట్టింపు చేస్తారు. పొగాకు 6, తీపి 10 శాతం అయ్యాయి. నిష్పత్తి మాత్రం మూడుకు అయిదే. రుచి చిక్కబడింది, పొగాకు ఇంకా అడుగునే ఉంది.

ఇప్పుడు పొగాకును 3 శాతం దగ్గరే ఉంచి తీపిని 1 శాతానికి తగ్గిస్తే మొత్తం ఫ్లేవర్ 4 శాతం, అంటే 1.2 మిల్లీలీటర్లు. మొదటి సీసాలో ఉన్నదాంట్లో సగం. తీపితో పోలిస్తే పొగాకు మాత్రం అయిదింతలు ముందుకొచ్చింది. తీపి ఫ్లేవర్లలో ఎక్కువగా ఉండే ఇథైల్ మాల్టాల్‌కు, అదే పీచు మిఠాయి వాసన ఇచ్చేదానికి, మోతాదు మించితే పక్క రుచుల్ని అణచేస్తుందని మిక్సింగ్ చేసేవాళ్లలో చెడ్డపేరుంది.

కలిపిన రోజు రుచి, రెండు వారాల తర్వాత రుచి ఒకటిగా ఉండవు. వెనిలిన్ లాంటి ఆల్డిహైడ్లు సీసాలోనే పీజీతో కలిసి అసిటాల్స్ అనే కొత్త పదార్థాలుగా మారతాయని ప్రయోగాల్లో తేలింది. పదునుగా కొట్టే వాసన తగ్గి గుండ్రంగా మారడంలో దీని పాత్ర కొంత ఉండవచ్చు. పొగాకు మిశ్రమాలను నిలవబెట్టి వాడటం వెనక ఛాదస్తం మాత్రమే లేదన్నమాట.

తినడానికి మంచిదైతే పీల్చడానికీ మంచిదేనా?

కాదు. ఫ్లేవర్ సీసాల మీద కనిపించే 'ఫుడ్ గ్రేడ్' అన్న మాట కడుపులోకి పోయేవాటి గురించే. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ డయాసిటైల్. వెన్న రుచినిచ్చే ఈ పదార్థాన్ని తింటే ఏమీ కాదు. కానీ అమెరికాలోని మిస్సోరీలో మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులు దాని ఆవిరిని పీల్చి నయంకాని ఊపిరితిత్తుల జబ్బుకు గురైన సంగతి 2000లో బయటపడింది. పొగాకు ఫ్లేవర్‌కు నునుపు తెచ్చే కస్టర్డ్, క్రీమ్ ఫ్లేవర్లలో ఒకప్పుడు ఇది మామూలుగా ఉండేది. బ్రిటన్‌లో వేప్ లిక్విడ్‌లలో దీన్ని నిషేధించారు. వంటింటి ఎసెన్సుల్లో కొన్ని నూనెతో చేసినవి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా తరహా జబ్బు వస్తుంది.

2019లో అమెరికాలో వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు మాత్రం వేరే. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలై 68 మంది చనిపోయారు. గంజాయి సారం కలిపిన సీసాల్లోని విటమిన్ ఇ అసిటేట్ దానికి ప్రధాన కారణమని తేలింది. పొగాకు ఫ్లేవర్లను ఆ ఖాతాలో వేయడం సరికాదు.

మొత్తం మీద వేపింగ్ ఎంత హాని అన్నదానిపై నిపుణులే రెండు వర్గాలు. సిగరెట్టుతో పోలిస్తే 95 శాతం తక్కువ హాని అని ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ 2015లో అంది. ఆ అంకెకు పునాది బలహీనమని లాన్సెట్ పత్రిక అదే ఏడాది విమర్శించింది. మన ఐసీఎంఆర్ 2019లో పూర్తి నిషేధాన్నే సూచించింది. సిగరెట్టు మానలేని నడివయసు మనిషిని తలుచుకునేవాళ్లు ఒక పక్క, అసలు సిగరెట్టే ముట్టని పదిహేనేళ్ల పిల్లాణ్ని తలుచుకునేవాళ్లు మరో పక్క నిలబడి మాట్లాడటమే ఈ తేడాకు సగం కారణం.

ప్రభుత్వం రాసిపెట్టిన పొగాకు రుచి

మళ్లీ నెదర్లాండ్స్ దగ్గరకు వద్దాం. పొగాకు రుచి మాత్రమే ఉండాలన్నాక, ఏది పొగాకు రుచి అన్న ప్రశ్న అక్కడి ప్రభుత్వానికి ఎదురైంది. క్యారమెల్ వేసి 'టొబాకో' అని రాసి అమ్మేస్తే నియమానికి అర్థం లేదు. అందుకని కలపదగిన 16 ఫ్లేవర్ పదార్థాలతో జాబితా వేశారు. ఆ జాబితాలో లేనిది కలపకూడదు. బ్యారన్‌లో అయిదారు రోజులు, పొగలో వేల రసాయనాలు చేసే పనిని 16 పేర్లకు కుదించారు.

రుచి చప్పగా ఉండటమే తమకు కావాలని ఆరోగ్య సంస్థల వాదన. పిల్లలు దూరంగా ఉంటారు, సిగరెట్టు మానాలనుకునే పెద్దలకు పొగాకు రుచి ఎలాగూ ఉంది. పెద్దవాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు అడిగేది వేరు. సిగరెట్టు మానిన కొన్ని వారాలకు వాసన పట్టే శక్తి మెరుగవుతుంది. మొదటి వారం హాయిగా అనిపించిన పొగాకు ఫ్లేవర్ అప్పుడు బూడిద వాసన కొడుతుంది. పొగాకుతో మొదలుపెట్టి పళ్ల రుచులకు మారినవాళ్లు సర్వేల్లో చాలామంది కనిపిస్తారు. అలాంటి మనిషికి మళ్లీ పొగాకు రుచే దిక్కు అంటే కొందరు సర్దుకుంటారు, కొందరు పండ్ల ఫ్లేవర్ సీసా కొని ఇంట్లో కలుపుకుంటారు, కొందరు నేరుగా సిగరెట్టుకే తిరిగి వెళ్తారు. ఎంతమంది ఎటు పోతారన్నదాని మీదే ఇప్పుడు రెండు పక్షాల వాదనా నిలబడి ఉంది.